అద్దె ఇంట్లో వస్తువు చెడిపోతే ఓనరుతో బాగు చేయించుకోవడం ఎలా?

అద్దె ఇంట్లో ఓనరు పెట్టిన ఫ్రిజ్ ఆగిపోతే ఇబ్బంది మనది, ఖర్చు ఆయనది. చిక్కంతా ఇక్కడే. పాడైన వస్తువు మన కళ్ల ముందు ఉంటుంది, ఆయన కళ్ల ముందు ఉండదు. మనం రోజూ దాన్ని చూసి విసుక్కుంటూ ఉంటే, ఆయన దాన్ని పొద్దున విని సాయంత్రానికి మర్చిపోతారు.

ఒకప్పుడు నేనున్న అద్దె ఇంట్లో వాషింగ్ మెషిన్ నీళ్లు వదలడం మానేసింది. ఓనరు గారికి ఫోన్ చేస్తే "చూద్దాంలెండి" అన్నారు. పది రోజులు ఆగి మళ్లీ చేస్తే "అవునా, ఎప్పటి నుంచి?" అని అడిగారు. మూడోసారి చేసినప్పుడు "మీరు వచ్చాకే పాడైంది కదా" అన్నారు. మొదట ఏ తేదీన చెప్పానో, ఏమని చెప్పానో నా దగ్గర ఒక్క ముక్క రాసి లేదు. ఆ రాత్రి కూర్చుని జరిగినదంతా తేదీలతో సహా మెసేజ్‌గా రాశాను. మెషిన్ మోడల్ నంబరు, చిన్న వీడియో, నేను ఇంట్లో ఉండే వేళలు కూడా పెట్టాను. మర్నాడు మెకానిక్ వచ్చాడు.

అప్పటి నుంచి నేను నమ్మేది ఇదే. చాలామంది ఓనర్లు కావాలని ఆలస్యం చేయరు. ఎవరిని పిలవాలి, ఎంతవుతుంది, ఎప్పుడు పంపాలి అన్నది తేలక వాయిదా వేస్తారు. ఆ ప్రశ్నలకు జవాబులు మనమే సిద్ధం చేసి చేతికిస్తే, వాళ్లు "సరే" అనడానికి అడ్డేమీ ఉండదు. కింద చెప్పే పనులన్నీ ఆ "సరే" కోసమే.

1. ముందు ప్రమాదం సంగతి తేల్చుకోండి

కొన్నిటికి ఓనరు జవాబు కోసం ఆగకూడదు. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్ వేయకండి, ఆపకండి కూడా. కిటికీలు, తలుపులు తెరిచి, చేతికందితే గ్యాస్ వాల్వ్ కట్టేసి, అందరూ బయటికి వచ్చాక గ్యాస్ అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి. ఓనరుకు చెప్పడం ఆ తర్వాతే.

గ్యాస్‌తో నడిచే గీజర్, హీటర్ ఉన్న ఇళ్లలో ఇంకో ప్రమాదం ఉంది. గ్యాస్ సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నీలంగా ఉండాల్సిన మంట పసుపు రంగులోకి మారడం, ఇంట్లో ఉన్నంతసేపూ తలనొప్పి, తల తిరగడం, వికారం ఉండి బయటికి వెళ్లగానే తగ్గడం దాని గుర్తులు. వెంటనే ఆ గీజర్‌నో, హీటర్‌నో ఆపి బయటికి రండి. మెకానిక్ చూసే వరకు మళ్లీ వెలిగించవద్దు.

కరెంటు గీజర్ నీళ్లు ముట్టుకుంటే షాక్ తగిలినట్టున్నా, వాషింగ్ మెషిన్ బాడీ షాక్ కొట్టినా, ప్లగ్ నల్లబడినా, కాలిన వాసన వచ్చినా బోర్డు దగ్గరే కరెంటు ఆపేయండి. వీటిని "చిన్న రిపేరు" కింద జమ కట్టకండి. ఓనరుకు రాసేటప్పుడు మొదటి వాక్యంలోనే "ఇది ప్రమాదం" అని రాయండి.

2. నిజంగా చెడిపోయిందో లేదో చూసుకోండి

ఈ మెట్టు దాటేసి ఫిర్యాదు చేస్తే, మెకానిక్ వచ్చి ప్లగ్ సరిగ్గా పెట్టి వెళ్లిపోతాడు. తర్వాతి ఫిర్యాదుకు విలువ తగ్గిపోతుంది. కాబట్టి పది నిమిషాలు వెచ్చించండి.

అదే ప్లగ్‌లో ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి. కరెంటు రాకపోతే తప్పు వస్తువుది కాదు, లైనుది. మెయిన్ బోర్డులో స్విచ్ మాటిమాటికీ పడిపోతుంటే అన్ని ప్లగ్గులూ తీసేసి స్విచ్ వేసి, ఒక్కొక్కటిగా పెట్టుకుంటూ రండి. ఏది పెట్టినప్పుడు పడిపోయిందో దాని మీదే అనుమానం.

ఫ్రిజ్ చల్లబడటం లేదనిపిస్తే ఒక గ్లాసు నీళ్లలో థర్మామీటర్ ఉంచి, రాత్రంతా మధ్య అరలో పెట్టండి. పొద్దున 4 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. ఫ్రీజర్ అయితే మైనస్ 18. తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి మూసి లాగి చూడండి. కాగితం సులువుగా జారి వచ్చేస్తే రబ్బరు పట్టు పోయినట్టే. ఇలా కొలిచి రాస్తే "ఫ్రిజ్ పనిచేయట్లేదు" అన్న మాట "రాత్రంతా పెట్టినా 11 డిగ్రీల కన్నా దిగట్లేదు" అవుతుంది. రెండో మాటతో ఎవరూ వాదించలేరు.

వాషింగ్ మెషిన్ నీళ్లు వదలకపోతే, ముందు వైపు తలుపు ఉండే మోడళ్లలో కింద మూలన చిన్న మూత వెనుక ఫిల్టర్ ఉంటుంది. అందులో నాణెమో, పిన్నో ఇరుక్కుని ఉండొచ్చు. వెనుక పైపు నలిగిందేమో చూడండి. ఏసీ చల్లగా రాకపోతే ఫిల్టర్ తీసి కడిగి ఆరబెట్టి పెట్టండి. డిస్‌ప్లే మీద ఏదైనా కోడ్ కనబడితే అది రాసి పెట్టుకోండి. మెకానిక్‌కు సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

ఇంతకు మించి ముందుకు వెళ్లకండి. స్క్రూలు విప్పే పని మనది కాదు. ముఖ్యంగా మైక్రోవేవ్ ఓవెన్ వెనుక మూత అసలు తీయకూడదు. ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు. పైగా మనం ఒకసారి విప్పితే "మీరే పాడు చేశారు" అనే మాటకు తావిచ్చినట్టవుతుంది, వారంటీ ఉంటే అదీ పోవచ్చు.

3. బాగు చేయించాల్సింది ఎవరు?

కోపం రాకముందే అగ్రిమెంట్ తీసి చదవండి. మూడు సంగతులు వెతకండి: ఇంటితో పాటు ఇచ్చిన వస్తువుల జాబితా, రిపేర్ల గురించి రాసిన వాక్యం, ఫిర్యాదు ఎలా చేయాలన్న నియమం. ఈ మూడోదాన్ని చాలామంది చూడరు. కొన్ని అగ్రిమెంట్లలో "రాతపూర్వకంగా తెలియజేయాలి" అని ఉంటుంది. అలాంటప్పుడు ఫోన్లో పదిసార్లు చెప్పినా లెక్కలోకి రాకపోవచ్చు.

చట్టం మన వైపే ఉంటుందని ముందే అనుకోవద్దు. ఇంగ్లండ్‌లో 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ యాక్ట్, సెక్షన్ 11 ప్రకారం నీళ్లు, గ్యాస్, కరెంటు లైన్లు, ఇంటిని వెచ్చబరిచే ఏర్పాటు, వేడినీళ్ల ఏర్పాటు బాగుచేయించడం ఓనరు బాధ్యత. కానీ ఆ నీళ్లు, గ్యాస్, కరెంటు వాడుకునే మిగతా ఉపకరణాలు ఆ సెక్షన్‌లోకి రావని అందులోనే రాసి ఉంది. భారతదేశంలో 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం, అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకోకపోతే, గోడల మరమ్మతులు, పైపులు మార్చడం, కరెంటు వైరింగ్ ఓనరు వంతులో, గీజర్ రిపేరు, స్విచ్‌లు, సాకెట్లు అద్దెదారు వంతులో పెట్టింది. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకున్న చోటే అది అమలవుతుంది. జర్మనీలో లోపం కనబడగానే ఓనరుకు చెప్పడం అద్దెదారు బాధ్యత. చెప్పకుండా ఊరుకుంటే అద్దె తగ్గించి ఇచ్చే హక్కు పోవచ్చు, దానివల్ల పెరిగిన నష్టం మన మీదే పడవచ్చు.

ఒక్కో చోట ఒక్కో రకం. అందుకే మీరుండే చోటి నియమం చూసుకోండి, దానికన్నా ముందు మీ అగ్రిమెంట్ చూసుకోండి. ఎక్కువ సందర్భాల్లో "ఈ వస్తువు ఓనరు ఇచ్చినది, మామూలు రిపేర్లు ఆయనవే" అన్న ఒక్క వాక్యమే గొడవ తేలుస్తుంది. ఆ వాక్యం మీ అగ్రిమెంట్‌లో లేకపోతే, తిరిగి రాయించుకునేటప్పుడు చేర్పించండి.

వాడగా వాడగా అరిగిపోవడం వేరు, మన చేతిలో పాడవడం వేరు. ఉప్పునీళ్లకు గీజర్ లోపలి రాడ్ మీద తెల్లటి పొర పట్టి అది కాలిపోతే అది అరుగుదల. వాషింగ్ మెషిన్ పంపులో మన జేబులోని నాణెం ఇరుక్కుంటే అది మన వల్ల జరిగింది. రెండోది అయితే ఒప్పుకుని మనమే కట్టడం మంచిది. అలా ఒకసారి ఒప్పుకున్నవాళ్ల మాటను తర్వాత ఓనరు నమ్ముతారు.

4. ఆధారాలు పోగు చేయండి

వస్తువు మీద ఎక్కడో ఒక చిన్న స్టిక్కర్ ఉంటుంది. ఫ్రిజ్‌కు లోపలి పక్క గోడ మీద, వాషింగ్ మెషిన్‌కు తలుపు అంచున లేదా వెనుక. దాని మీది మోడల్ నంబరు, సీరియల్ నంబరు ఫోటో తీయండి. సర్వీసుకు ఎవరు ఫోన్ చేసినా మొదట అడిగేది ఇదే. తర్వాత లోపం కనబడేలా 20, 30 సెకన్ల వీడియో తీయండి. శబ్దం వస్తుంటే అది వినబడాలి. నీళ్లు కారుతుంటే ఎక్కడి నుంచి మొదలవుతున్నాయో కనబడాలి. ఇంట్లో దిగిన రోజు తీసుకున్న ఫోటోలు ఉంటే అవీ వెతికి పెట్టుకోండి.

ఇంకా ఇల్లు మారబోతున్నవాళ్లకు ఒక మాట: సామాను దించకముందే ఓనరు ఇచ్చిన ప్రతి వస్తువునూ ఆన్ చేసి వీడియో తీసి, అదే రోజు ఓనరుకు పంపండి. అరగంట పని. ఆ వీడియో ఉంటే "మీరు వచ్చాకే పాడైంది" అన్న మాట రాదు.

5. మెసేజ్ రాయండి

దీని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఫోన్ చేయడం తప్పు కాదు. పెద్దవయసు ఓనర్లకు ముందు ఫోన్ చేసి చెప్పడమే మర్యాద. కానీ ఫోన్ పెట్టేసిన వెంటనే "ఇప్పుడే మాట్లాడుకున్నాం కదండీ, వివరాలు ఇక్కడ రాస్తున్నాను" అంటూ మెసేజ్ పంపండి. వాట్సాప్ సరిపోతుంది, మెయిల్ ఇంకా మంచిది. మధ్యలో ఏజెంటు ఉంటే ఇద్దరికీ ఒకేసారి పంపండి. లేకపోతే "నాకెవరూ చెప్పలేదు" అని ఒకరి మీద ఒకరు వేసుకుంటారు.

అందులో ఉండాల్సినవి: ఏ వస్తువు, ఎప్పటి నుంచి, ఏం జరుగుతోంది, మనం ఏం చూసుకున్నాం, దానివల్ల ఇబ్బంది ఏమిటి, ఏం కావాలి, ఎప్పటిలోగా, మనం ఎప్పుడు ఇంట్లో ఉంటాం. ఇంతే. పాత గొడవలు, అద్దె పెంపు మీద అసంతృప్తి, పక్కింటి పోలికలు దీనిలో కలపవద్దు. కలిపితే ఓనరు రిపేరు సంగతి వదిలేసి ఆ సంగతికే జవాబిస్తారు.

ఒక నమూనా:

"నమస్కారం అండీ. మీరు ఇంటితో పాటు ఇచ్చిన ఫ్రిజ్ సోమవారం రాత్రి నుంచి చల్లబడటం లేదు. లోపల లైటు వెలుగుతోంది, మోటారు శబ్దం మాత్రం రావడం లేదు. ప్లగ్ మార్చి చూశాను, వేరే వస్తువు ఆ ప్లగ్‌లో బాగానే పనిచేస్తోంది. రాత్రంతా ఉంచి కొలిస్తే లోపల 14 డిగ్రీలు ఉంది. ఇంట్లో చిన్న పాప మందు ఫ్రిజ్‌లో పెట్టాల్సి ఉంది. మోడల్ నంబరు ఫోటో, వీడియో పంపుతున్నాను. దయచేసి గురువారం లోగా మెకానిక్‌ను పంపగలరా? రోజూ సాయంత్రం 6 తర్వాత, శనివారం రోజంతా ఇంట్లో ఉంటాను. మీకు వీలుకాకపోతే నేనే సర్వీసుకు ఫోన్ చేసి, ఎంతవుతుందో కనుక్కుని మీకు చెబుతాను. మీరు ఒప్పుకున్నాకే పని మొదలుపెట్టిస్తాను."

చివరి రెండు వాక్యాలు గమనించండి. ఓనరు ఊళ్లో లేకపోయినా, తీరిక లేకపోయినా పని ఆగదు. డబ్బు విషయంలో ఆయన మాటే చెల్లుతుంది కాబట్టి ఆయనకూ నిశ్చింత.

గడువు ఎంత పెట్టాలి? నా లెక్క ఇది. ప్రమాదం ఉన్నదైతే అదే రోజు. ఫ్రిజ్, వేడినీళ్లు, వంట పొయ్యి లాంటివి ఆగిపోతే రెండు, మూడు రోజుల్లో మెకానిక్ వచ్చి చూడాలి. పనిచేస్తూనే శబ్దం చేస్తున్నవి, ఒక బటన్ పనిచేయనివి అయితే రెండు వారాలు. విడిభాగం దొరకక ఆలస్యమైతే అది వేరే సంగతి. అప్పుడు ఎప్పటికి వస్తుందో అడిగి తెలుసుకుంటే చాలు. "వీలైనంత త్వరగా" అని మాత్రం రాయవద్దు. దానికి తేదీ లేదు కాబట్టి ఆలస్యమూ ఉండదు.

6. జవాబు వచ్చాక

"నువ్వే చేయించు, అద్దెలో పట్టుకో" అని ఓనరు అంటే సంతోషించి వెంటనే మెకానిక్‌ను పిలవకండి. ముందు రాసుకోండి: "మీరు చెప్పినట్టు రిపేరు చేయించి, బిల్లు పంపి, వచ్చే నెల అద్దెలో ఆ మొత్తం తగ్గించి వేస్తాను. ఇంతకు మించితే మళ్లీ అడుగుతాను" అని ఒక హద్దు పెట్టి పంపి, "సరే" అన్న జవాబు తెప్పించుకోండి. బిల్లు మీద వస్తువు పేరు, సీరియల్ నంబరు, మార్చిన భాగం పేరు ఉండాలి. తీసేసిన పాత భాగాన్ని కొన్నాళ్లు పారేయకండి.

మెకానిక్‌ను ఎవరు పిలిచినా, చెడిపోవడానికి కారణం ఏమిటో బిల్లు మీద ఒక్క వాక్యం రాయమని అడగండి. "కంప్రెసర్ పాతబడి పోయింది" అని ఆయన చేతిరాతతో ఉంటే, ఎవరి తప్పు అన్న వాదన అక్కడితో ముగుస్తుంది. ఈ చిన్న పని చేసేవాళ్లు చాలా తక్కువ, కానీ దీని అంత పనికొచ్చే కాగితం ఇంకోటి లేదు.

"అది పాతదైపోయింది, మీరే కొత్తది కొనుక్కోండి, ఖాళీ చేసేటప్పుడు చూద్దాం" అంటే అక్కడ ఆగి ఆలోచించండి. కొన్న వస్తువు ఎవరిది? వెళ్లేటప్పుడు తీసుకుపోవచ్చా? డబ్బు అద్దెలో ఎన్ని నెలల్లో తగ్గుతుంది? ఇవి తేలకుండా కొనవద్దు.

ఇక ఓనరు గానీ, ఆయన పంపిన మనిషి గానీ చెప్పకుండా వస్తే ఇబ్బంది మనకే. వచ్చే సమయం ముందే అడిగి ఖాయం చేసుకోండి. ఇచ్చిన సమయానికి మనం ఇంట్లో ఉండాలి. ఒకసారి మెకానిక్ తలుపు కొట్టి వెనక్కి వెళ్లిపోతే ఓనరు ఉత్సాహం సగం చల్లారుతుంది.

7. జవాబు రాకపోతే

పెట్టిన గడువు దాటిన మర్నాడే, కొత్త మెసేజ్ కాకుండా పాత మెసేజ్‌కే జవాబుగా రెండు ముక్కలు రాయండి: "అండీ, ఫ్రిజ్ గురించి మంగళవారం రాశాను, గురువారం లోగా అనుకున్నాం. ఈ రోజు శుక్రవారం. ఎప్పుడు పంపుతారో తేదీ చెప్పగలరా?" కోపం వద్దు, తేదీలు చాలు.

దానికీ స్పందన లేకపోతే ఉత్తరం రూపంలో రాయండి. ఎప్పుడెప్పుడు చెప్పామో వరుసగా తేదీలతో, అగ్రిమెంట్‌లోని వాక్యం నంబరుతో, చివరి గడువుతో. చేరినట్టు రుజువు ఉండేలా పోస్టులోనో, మెయిల్‌లోనో పంపండి. పాడైన ఆహారం, బయట బట్టలు ఉతికించిన ఖర్చు లాంటి రసీదులు ఉంటే వాటి కాపీలు జత చేయండి. నా మాట ఏమిటంటే ఈ ఉత్తరంలో బెదిరింపు ఉండకూడదు. "ఈ తేదీ దాటితే అద్దె వివాదాలు చూసే అధికారులకు రాయాల్సి వస్తుంది" అని ఉన్న మాట చెబితే చాలు, అది కూడా నిజంగా రాసే ఉద్దేశం ఉంటేనే.

అద్దె ఆపేయడం మాత్రం తొందరపడి చేయవద్దు. ఎక్కువ మంది ఇక్కడే దెబ్బతింటారు. న్యాయం మన వైపున్నా, అద్దె కట్టకపోవడం ఒక్కటే ఖాళీ చేయించడానికి కారణం కావచ్చు. మనమే బాగుచేయించి ఆ ఖర్చు అద్దెలో తగ్గించుకునే హక్కు చట్టం ఇచ్చిన చోట కూడా దానికి హద్దులున్నాయి. కాలిఫోర్నియాలో ఇల్లు నివాసానికి పనికిరాకుండా చేసే లోపాలకే అది వర్తిస్తుంది. ముందు ఓనరుకు చెప్పి తగిన సమయం ఇవ్వాలి, ఖర్చు ఒక నెల అద్దె దాటకూడదు, 12 నెలల్లో రెండుసార్లకు మించి వాడుకోకూడదు. భారత నమూనా చట్టంలో ఏ నెలలోనైనా తగ్గించేది సగం అద్దెకు మించకూడదు. మీ చోట ఏముందో అద్దెదారుల సంఘాన్నో, ఉచిత న్యాయ సహాయ కేంద్రాన్నో, లాయర్నో అడిగాకే ఆ అడుగు వేయండి. అప్పటి వరకు అద్దె సమయానికి కట్టేయండి. అద్దె బకాయి లేని మనిషి ఫిర్యాదును ఎవరూ తోసిపుచ్చలేరు.

ఫ్రిజ్ లేకుండా ఈ రోజులు ఎలా గడపాలన్నదీ మన పనే. కరెంటు పోయినా, ఫ్రిజ్ ఆగినా తలుపు తీయకుండా ఉంటే లోపలివి సుమారు 4 గంటలు చల్లగా నిలుస్తాయి. నిండుగా ఉన్న ఫ్రీజర్ దాదాపు 48 గంటలు, సగం ఉన్నది 24 గంటలు ఆగుతుంది. 4 డిగ్రీలు దాటి 2 గంటలకు మించి ఉన్న మాంసం, పాలు, వండిన కూరలు తినకండి. మందుల విషయం డాక్టర్నో, మందుల షాపునో అడగండి. పారేసేవాటి ఫోటో తీసి పెట్టుకోండి.

8. బాగయ్యాక

మెకానిక్ ఉండగానే ఆన్ చేసి చూడండి. వాషింగ్ మెషిన్ అయితే ఒక పూర్తి వాష్ తిరగాలి, నీళ్లు వదలాలి. ఫ్రిజ్ అయితే అదే గ్లాసు నీళ్ల పరీక్ష మర్నాడు మళ్లీ చేయండి. రిపేరుకు ఎన్నాళ్ల గ్యారంటీ ఇచ్చారో బిల్లు మీద రాయించుకోండి.

తర్వాత ఓనరుకు ఒక మెసేజ్: "మెకానిక్ ఈ రోజు వచ్చి థర్మోస్టాట్ మార్చారు. ఇప్పుడు 3 డిగ్రీలు చూపిస్తోంది. బిల్లు ఫోటో పంపుతున్నాను, రిపేరుకు 90 రోజుల గ్యారంటీ ఇచ్చారు. వెంటనే పంపినందుకు ధన్యవాదాలండీ." బిల్లు, మొదటి వీడియో, మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు ఒకే ఫోల్డర్‌లో వేసి, అగ్రిమెంట్ కాపీ పక్కన ఉంచండి. ఖాళీ చేసి డిపాజిట్ లెక్క తేలే రోజు వరకు వాటిని తీసేయకండి.